రొసారియోకు చెప్పని కబురు

ఆఫీసు ప్యాంట్రీలో ఎవరో దాల్చినచెక్క వేసి కాఫీ కాచారు. ఆ వాసన తగిలితే చాలు, నాకు రొసారియో గుర్తొస్తుంది, కప్పు పక్కన పెట్టేస్తాను. ఎనభైల మధ్యలో, మిషిగన్‌లో నేను చదివిన యూనివర్సిటీలో, మెక్సికో, ప్యూర్టోరికో మూలాలున్న అమ్మాయిలు పదకొండుమంది సొరారిటీ అనే సోదరీ సంఘం ఒకటి పెట్టుకుని, ఒక పాత ఇంట్లో ఉంటూ, రోజూ దాల్చినచెక్క కాఫీ కాచుకునేవారు. రొసారియో వాళ్ళకు పెద్దక్క. టెక్సాస్ సరిహద్దు ఊరి పిల్ల. ప్రతి వేసవీ తల్లితో కలిసి మిషిగన్ తోటల్లో చెర్రీలు కోసి అంతదాకా చదువుకుంది.

నేను అదే రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో స్థిరపడిన తెలుగాయన, కార్ల కంపెనీ ఇంజనీరు కూతురిని. కెఫెటీరియాలో నేను నెల రోజులు ఒంటరిగా తినడం చూసి, రొసారియో తనే వచ్చి నా ట్రే ఎత్తుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టింది. నాకు స్పానిష్ రాదన్నాను.

"తినడానికి స్పానిష్ ఎందుకు? కూర్చో," అంది.

అంతకన్నా మంచి పిలుపు నాకెప్పుడూ రాలేదు.

నన్నూ సంఘంలో చేరమన్నారు. చేరాలంటే ముందు ఏడు వారాలు మెప్పించాలి. హాల్లో ఫోన్ దగ్గర కూర్చోవడం కొత్తవాళ్ళ పని. ఏ కబురు వచ్చినా, చేతిలో పని వదిలేసి, ఆ మనిషి ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి చెప్పాలి. అందరూ ఇళ్ళకు దూరంగా ఉన్న పిల్లలు కనుక, ఈ ఒక్క విషయంలో రొసారియో ఎవరినీ క్షమించేది కాదు.

ఆరో వారంలో ఒక ఉదయం రొసారియో వాళ్ళ పిన్ని ఫోన్ చేసింది. తల్లికి గుండెపోటు, వెంటనే బయలుదేరమంది. మర్నాడు రొసారియోకు పెద్ద పరీక్ష. మా ఇంట్లో అలాంటి కబుర్లు పరీక్షలయ్యాకే చెప్పేవారు. అమ్మమ్మ పోయిన సంగతి అమ్మ నా దగ్గర పదకొండు రోజులు దాచింది. తను మాత్రం బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ప్రేమంటే అదేననుకుంటూ పెరిగాను. నేనూ దాచాను. పిన్ని మళ్ళీ ఫోన్ చేస్తే, బయలుదేరిందని చెప్పాను కూడా.

పరీక్ష రాసి నవ్వుతూ వచ్చాక చెప్పాను. తను విమానం దిగి ఆస్పత్రికి చేరేసరికి తల్లి పోయి నాలుగు గంటలైంది. కూతురు దారిలో ఉందన్న మాట నమ్మి, ఆవిడ తలుపు వైపే చూస్తూ పోయిందట.

రెండు వారాలకు తిరిగొచ్చింది. నన్ను పంపించెయ్యాలని మిగతావాళ్ళంతా అన్నారు. మా అమ్మమ్మ సంగతి చెప్పుకుని ఏడ్చాను. రొసారియో చివరిదాకా విన్నది.

"నా పరీక్ష గురించి ఆలోచించావు. అక్కడ మా అమ్మ కూడా ఉంది కదా," అంది. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, "ఉండనివ్వండి," అంది.

నన్ను చేర్చుకున్న గుర్తుగా సంఘం రిబ్బను తన చేత్తోనే నాకు పెట్టింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. వేసవికి వెళ్ళిపోయింది. నేను రాసిన ఉత్తరాల్లో దేనికీ జవాబు రాలేదు.

పోయినేడు నాన్న ఐసీయూలో ఉండగా, అదే ఆస్పత్రిలో కింది అంతస్తులో అమ్మకు ఆపరేషన్ అయింది. నాన్న ఈ పూట దాటరని డాక్టర్లు చెప్పేశారు. "ఇప్పుడే చెప్పకమ్మా, ఆవిడ తట్టుకోలేదు," అని అంకుల్స్, ఆంటీలు అందరూ పట్టుబట్టారు. నేను వెళ్ళి చెప్పేశాను. కుట్లు పట్టుకుని అమ్మ అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. వీల్‌చైర్‌లో పైకి తీసుకెళ్ళాను. అమ్మ చెయ్యి తగలగానే నాన్న వేళ్ళు కదిలాయి.