ఎర్రచుక్కల పటం

కాలేజీలో అందరూ ఆయన్ని నత్తల మేష్టారు అంటారు. కందిగింజంత సముద్రపు నత్తను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, భూతద్దం కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తారు. సాటి నత్తల గుల్లకు చిల్లు పెట్టి లోపలి మాంసం తినే రకం అది. గుల్ల నోటి అంచున పళ్లు లెక్కపెట్టి, జాతి తేల్చి, అగ్గిపెట్టెలో వేసి, గోడమీది సముద్రపటంలో అది దొరికినచోట ఎర్రచుక్క పెడతారు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఈ నత్త తీరం పొడవునా, అన్ని లోతుల్లోనూ బతుకుతుందని ఆయన రాసిన పుస్తకానికి ఆ చుక్కలే ఆధారం.

ఆ నత్తల్ని తెచ్చిపెట్టేది చేపల పడవ నడిపే ఒక ముసలి సరంగు. వల వేసిన ప్రతిచోటుకూ ఒక సంచి, సంచికి ఆ చోటు రాసిన చీటీ. ఇక పడవ ఎక్కనని చెప్పిపోదామని వచ్చినవాడు పటం చూసి మురిసిపోయాడు.

"కొన్ని సంచులు ఖాళీగా వచ్చేవండీ. మీరు చిన్నబోతారని, నిండుగా ఉన్నదాంట్లోంచి తీసి వాటిల్లో తలా నాలుగు సర్దేవాణ్ణి."

"ఏ సంచుల్లో?"

"అవన్నీ ఇప్పుడేం గుర్తు బాబూ. మీకు ఏనాడూ లోటు రానివ్వలేదు, అది చాలు నాకు."

మేష్టారు కుర్చీ ముందుకు జరిపి అతన్ని కూర్చోమన్నారు. అతను వెళ్లాక తడిగుడ్డ పట్టుకుని పటం ముందు నిలబడ్డారు. ఏ చుక్క తుడవాలో తెలియలేదు. చేతిలోని గుడ్డ అలాగే ఆరిపోయింది.