గుమ్మంలో రైలు గేటు

శంషాబాద్‌లో బస్సెక్కితే నా పక్కనామె ఒళ్లో అట్టపెట్టె, అందులో అగ్గిపెట్టెంత రైలింజను.

"పిల్లలకా?" అన్నాను.

"నాకే అక్కా. ఇంట్ల పట్టాలేసుకున్న. హాల్ల నుంచి వంటింట్లకు పోతది రైలు."

"గుమ్మంలో పట్టాలా? మీ ఆయన తొక్కడా?" అని దెప్పాను.

"ఎందుకు తొక్కుతడు? గేటు పెట్టిన గద. నాకు చాయ్ తెస్తుంటె గూడ, రైలు పోయేదాక ఆడ్నే నిలవడ్తడు."

ఎవరికైనా ఎదురుచెప్పగలను. కానీ నేను మాట్లాడుతుంటే వాక్యం ముగిసేదాకా ఆగిన మగవాడు మా ఇంట్లో లేడు.

తుక్కుగూడలో దిగుతూ, "ఒకసారి వచ్చి చూడరాదా అక్కా" అంది.

ఏ పనీ లేకపోయినా, "నాకంత తీరిక లేదమ్మా" అని కిటికీ వైపు తిరిగాను.