వెనక్కి నడిచిన ఆవులు

వానలు సరిగా పడని ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో తలెత్తి ఆకాశం చూస్తారు. ఎదుటివాళ్ళు ఏదో విమానం పోతోందనుకుని వాళ్ళూ చూస్తారు. కాలవల కింద పుట్టిపెరిగిన మావారు పెళ్ళైన కొత్తలో నాతోపాటు చాలాసార్లు అలా మోసపోయి, ఇప్పుడు చూడటం మానేశారు. నేను అనంతపురం హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే కాలంలో శింగనమల దగ్గర మా పల్లెలో అందరి మెడలూ అలాగే పైకెత్తి ఉండేవి. వాన కోసం మావాళ్ళు చేయని పని లేదు. కప్పలకు పెళ్ళి చేశారు, కొండ మీద పొంగళ్ళు పెట్టారు. అన్నిటికంటే గట్టి నమ్మకం మాత్రం ఆవుల ఆట మీద. శత్రువులు ఊరి ఆవులను తోలుకుపోతారు, మారువేషంలో దాగి ఉన్న వీరుడు బయటికొచ్చి వాటిని మళ్ళించుకొస్తాడు, అదీ కథ. తోలుబొమ్మలతో ఆ ఆట ఆడించి ఆవులను ఇల్లు చేరిస్తే వాన పడి తీరుతుందని మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, ఒట్టు పెట్టి చెప్పేది. (పడని సంవత్సరాల్లో ఆటగాళ్ళు మధ్యలో కునుకు తీశారని చెప్పేది.)

నేను మొదటి సంవత్సరం ముగించి సెలవులకు వచ్చిన ఏడు ఆ బొమ్మలాటవాళ్ళు దొరకలేదు. వాళ్ళింట్లో పెళ్ళని గోరంట్ల వైపు వెళ్ళినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. అవ్వ మంచం కింద విత్తనపు సెనక్కాయలు మూటల్లో ఎదురు చూస్తున్నాయి, నేలలో మాత్రం పదును లేదు. నన్ను రెండో సంవత్సరానికి పంపుతావా అని నాయనను అడిగితే "చూద్దాంలేమ్మా" అన్నాడు. మా నాయన చూద్దామన్న పనుల్లో నేను కళ్ళారా చూసినది అంతవరకూ ఒక్కటీ లేదు. ఆడపిల్లకు ఇంత చదువు చాలని అవ్వ అప్పటికే తేల్చేసింది. కనుక ఆ వేసవిలో నేను ఆకాశంతోపాటు నాయన మొహం కూడా చూస్తూ బతికాను.

అలాంటప్పుడు శింగనమలకు డేరా సినిమా వచ్చింది. తప్పెట కొట్టుకుంటూ తిరిగే బండివాడు మా ఊళ్ళో ఒక కాగితం పారేసి పోయాడు. ఇంగ్లీషు బొమ్మ. పెద్ద టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన మనిషి, అతని వెనక ఆవుల మంద, మా కొండల్లాంటి బోడి కొండలు, ఆకాశంలో గుండ్రంగా మెరిసే ఏదో వస్తువు, దాని నుంచి ఎండిన నేల మీదికి దిగుతున్న తెల్లటి గీతలు. విదేశాల్లో మబ్బుల మీద ఏవో పొడులు చల్లి వాన కురిపిస్తున్నారని మా సైన్సు లెక్చరర్ ఒకసారి చెప్పి ఉన్నారు. ఆ పాఠమూ ఈ బొమ్మా నా తలలో కలిసిపోయాయి. మా అరుగు మీద కూర్చున్న పెద్దలకు, అది వాన తెప్పించే యంత్రమని వివరించాను. వాళ్ళు కాగితాన్ని ఒకరి చేతినుంచి ఒకరు తీసుకుని చాలాసేపు ఆలోచించారు. ఆవులున్నాయి, గుర్రాలున్నాయి, వాన ఉంది, ఇంకేం కావాలి? ఈ ఏటికి ఆవుల ఆట ఇంగ్లీషువాళ్ళ చేత ఆడిద్దామని తీర్మానమైంది. "మా పాప చదివి చెప్పినాది" అని నాయన అన్నప్పుడు ఆయన గొంతులో పలికిన గర్వానికి నా ఒళ్ళు పులకరించింది. నేను చదవలేదనీ, ఊహించాననీ చెప్పడానికి అది సమయం కాదు.

ఊరు ఊరంతా బండ్లు కట్టింది. పిల్లలకు బొరుగులు, పెద్దలకు దుప్పట్లు, అవ్వ కొంగున కర్పూరం. శింగనమల చెరువు ఎండి చదునుగా ఉండటం వల్ల డేరా దాని అడుగునే వేశారు. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య పాతచీరల తెర, అందరికీ కింద ఇసుక. ఆట మొదలైంది. ఎండ, రాళ్ళు, ముళ్ళకంపలు, దుమ్ము రేపుకుంటూ ఆవులు. ఇంత దూరం వచ్చి మన ఊరే చూస్తున్నామా అని పక్కనున్నావిడ గొణిగింది. ఊరూరా తిరిగి అరిగిపోయిన రీలు కావటంతో తెర నిండా పైనుంచి కిందికి గీతలు. వాన అప్పుడే మొదలైందని మావాళ్ళు సంతోషించారు. అందులో మనుషులు ఎందుకు తడవడం లేదని మాత్రం అవ్వకు అనుమానం. వీరుడు ముక్కు మీదికి చేతిగుడ్డ కట్టుకోగానే ఆ అనుమానం తీరిపోయింది. మారువేషం ఆమెకు బాగా తెలిసిన సంగతి.

(ఇది రాస్తుండగా పక్కగదిలో మా చంటిది దగ్గినట్టయితే లేచి చూసి వచ్చాను. వీపు చల్లగానే ఉంది. నుదురు కూడా చల్లగానే ఉంది. ఇంకోసారి చూసి వచ్చాను.)

తరువాత ఆ మెరిసే వస్తువు దిగింది. దానిని వేలాడదీసిన దారం చివరి వరుసలోవాళ్ళకు కూడా కనిపించింది. అందులోనుంచి ఒళ్ళంతా రేకులు తొడుక్కుని, తలమీద మా ఇత్తడి బిందెలాంటిది బోర్లించుకున్న మనుషులు దిగారు. వాళ్ళు ఏదో నక్షత్రం నుంచి వచ్చారనీ, వచ్చింది వాన కురిపించడానికి కాదు, ఆవులను ఎత్తుకుపోవడానికనీ నాకు నెమ్మదిగా అర్థమైంది. అవ్వకు మాత్రం నిశ్చింత. దొంగలు రానిదే ఆట ఎలా సాగుతుంది? ఇక వీరుడు మళ్ళిస్తాడని అందరూ సర్దుకుని కూర్చున్నారు. వీరుడు తుపాకి కాల్చాడు, ఒక పాట పాడాడు, మళ్ళీ కాల్చాడు. ఆవులు మాత్రం బుద్ధిగా వరుసకట్టి, చెక్క పలక మీదుగా ఆ యంత్రంలోకి ఎక్కాయి. యంత్రం దారంతో సహా పైకి పోయింది. వీరుడు దానికేసి టోపీ ఊపి, పక్కనున్న పిల్లను కావలించుకున్నాడు. (ఆడవాళ్ళమంతా తలలు దించుకుని వేళ్ళ సందుల్లోంచి చూశాం.) అంతే. తెర తెల్లబడింది. దీపాలు వెలిగాయి.

ఎవరూ లేవలేదు. డేరా ఆయన వచ్చి ఆట అయిపోయిందన్నాడు. చీరల తెరకు అటువైపునుంచి మా నాయన గొంతు నిదానంగా వినిపించింది.

"అయిపోయేదేందప్పా? ఆవులు యాడ?"

"ఆవులు పోయినాయన్నా. కథే అంత."

"ఎప్పుడొస్తాయి?"

"రావన్నా."

ఆవులు ఇల్లు చేరకుండా ఆట ఆపేస్తే వాన ఊరిని విడిచిపోతుందని మావాళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు జెప్పినావని ఊరు కదిలొచ్చినాది పాపా. ఇప్పుడు మీ నాయన ఊళ్ళో ఏ మొగం పెట్టుకోని తిరగల్ల?" అంది. చీరల సందులోంచి చూశాను. నాయన కోపంగా లేడు. కండువా ఒకసారి దులిపి భుజాన వేసుకున్నాడు. ఏ సంగతైనా ఇక ముగిసిందని తేల్చుకున్నప్పుడు ఆయన అలా దులుపుతాడు. నా రెండో సంవత్సరం కూడా ఆ ఆవుల వెంబడే పలకెక్కి పోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా కాలేజీ హాల్లో ఒకసారి ఏదో సమాచార చిత్రం వేస్తూ, పిల్లలను నవ్వించడానికి ఆపరేటరు మిషన్‌ను వెనక్కి నడిపించాడు. నీళ్ళలోకి దూకిన మనిషి కాళ్ళు ముందుగా ఎగిరి గట్టుమీదికి వచ్చాడు. నేను అవ్వ చెయ్యి విడిపించుకుని డేరా వెనక్కి పరుగెత్తాను. ఆపరేటరు బీడీ వెలిగించుకుంటున్నాడు. చివరి చుట్ట ఇంకా మిషన్ మీదే ఉంది.

"అన్నా, దీనికి వెనక్కి తిప్పే మీట ఉండాదా?"

"ఉండాది. ఎందుకమ్మా?"

"మా ఆవులు ఇంటికి రావల్ల."

ఆయన నన్ను చూశాడు. కంతలోంచి లోపల కదలకుండా కూర్చున్న జనాన్ని చూశాడు. బీడీ ఆర్పేశాడు.

దీపాలు ఆరిపోయాయి. తెరమీద వీరుడు పిల్లను విడిచిపెట్టాడు (తలలు పైకి లేచాయి). దారం పట్టుకుని యంత్రం దిగొచ్చింది. తలుపు తెరుచుకుంది. తోక ముందు, తల వెనక, ఒక్కొక్క అడుగే జాగ్రత్తగా వేసుకుంటూ ఆవులు పలక మీదుగా దిగసాగాయి. తుపాకుల పొగ తుపాకుల్లోకి దూరింది. చచ్చినవాళ్ళు లేచి గుర్రాలమీదికి ఎగిరి కూర్చున్నారు. ఇంగ్లీషు మాటలు వెనక్కి తిరిగి ఏదోలా వినిపించాయి గానీ, ముందుకు తిరిగినప్పుడు నాకెంత అర్థమయ్యాయో ఇప్పుడూ అంతే అర్థమయ్యాయి. చివరి ఆవు దొడ్లోకి చేరింది. దొడ్డి తలుపు దానంతటదే మూసుకుంది. అక్కడ ఆపేయమని ఆపరేటరుకు ఎవరూ చెప్పలేదు. ఆయనే ఆపేశాడు.

ఆవులు అలా వెనక్కి నడిచి రావడం శాస్త్రానికి ఒప్పుతుందా అని మగవాళ్ళ వైపు ఒక పెద్దాయన సందేహం లేవదీశాడు. అవ్వ తెర ఇవతలినుంచే తీర్పు చెప్పింది: "ఇల్లు జేరిన ఆవును ఎట్ల వచ్చినావని ఎవురడుగుతారప్పా? తలుపేసుకుంటారు." తరువాత ఆటకు హారతి ఇవ్వాలని లేచి, సినిమా తెర ముందు కర్పూరం వెలిగించింది. అది కొండెక్కేదాకా డేరా ఆయన చెంబెడు నీళ్ళు పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు.

బండి నాయనే తోలాడు. శింగనమల పొలిమేర దాటాక, ఎద్దులతో అన్నట్టుగా అడిగాడు.

"ఆ మీట సంగతి యాడ నేర్చుకున్నావు?"

"కాలేజీలో నాయనా."

నాయన ఎద్దులను అదిలించాడు.

"రెండో ఏడు ఏం నేర్పిస్తారు?"

నేను తెలిసినవీ తెలియనివీ కలిపి ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా చూద్దామనలేదు.

వాన సంగతి కూడా చెప్పాలి. కొన్నాళ్ళకు ఒక మబ్బు మా నెత్తిమీదుగానే కొత్తచెరువు వైపు దాటిపోయి, అందరూ నిట్టూర్చాక గాలి తిరిగి, మళ్ళీ మా పొలాల మీదికి వచ్చి కురిసింది. సెనక్కాయలు విత్తుకునేంత పదునైంది. ఆ మీట మబ్బుకూ పనిచేసిందని మావాళ్ళన్నారు. సైన్సు చదువుకున్నదాన్ని, కాదనాల్సింది. కాలేజీకి పెట్టె సర్దుకునే హడావిడిలో తీరిక దొరకలేదు.

ఇప్పుడు మేముండే ఊళ్ళో మంచి సినిమా హాలుంది, కుర్చీలున్నాయి. బొమ్మ ఎంత అన్యాయంగా ముగిసినా నేను నోరు మెదపను. గేటు దగ్గర తోపులాటలో చంటిదానికి ఊపిరాడదేమోనన్న భయంతో అందరికంటే ముందే లేస్తాను. ఆ డేరా వెనక చీకట్లో ముక్కూ మొహం తెలియని మనిషిని నిలబెట్టి మా ఆవులను తెప్పించమన్న పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఊరుకోదు. "ఆవులు రానేలేదు, అప్పుడే లేసినావేమే?" అంటుంది. నిజమేనే, ఇంకాసేపు కూర్చుందాం అని, చంటిదాన్ని ఒళ్ళోకి సర్దుకుని ఆ పిల్లకు పక్కన చోటిస్తాను.