దవడపన్ను ఇచ్చి సేమియా ఐస్ గెలిచిన కథ

మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నం, ములకలపల్లి దగ్గర మా ఊళ్లో, ఇంటి అరుగు మీద, నోట్లో దూది కరిచిపట్టుకుని గంభీరంగా కూర్చున్నాను. ఐదో తరగతి పరీక్షలు అప్పుడే అయిపోయాయి. కొత్తగూడెం దవాఖానాలో పుచ్చిన దవడపన్ను పీకించుకుని, నాన్నతో బస్సు దిగి వచ్చాను. చెంప బూరెలా పొంగింది. లోపల మాత్రం పట్టాభిషేకం జరుగుతోంది...

ఎందుకంటే డాక్టరు గారు నా ముందే నాన్నతో అన్నారు. "వేడివి వద్దు, చల్లటివి పెట్టండి. ఐస్ తిన్నా మంచిదే."

ఐస్! మా ఇంట్లో ఆ మాట పలకడమే నేరం. జలుబు, దగ్గు, జ్వరం, లెక్కల్లో తక్కువ మార్కులు... నాయనమ్మ దృష్టిలో అన్నిటికీ మూలం సేమియా ఐసే. వాకిట్లో ఎండబెట్టిన ఇప్పపూల మీదికొచ్చే కోళ్లను తోలడానికి ఒక కట్టె ఉండేది. దాంతోనే ఐస్ బండాయన్నీ తోలేది. పాపం, మా ఇల్లు రాగానే హారన్ ఆపేసి, తల వంచుకుని సైకిల్ తొక్కేవాడు.

"డాక్టర్ ఏం జెప్పిండురా?" నాయనమ్మ అడిగింది.

నాన్న కరెంటు స్తంభాలెక్కే మనిషి. అడవిలో ఎలుగుబంటి ఎదురైనా జంకలేదని చెప్పుకునే మనిషి. ఆ మహావీరుడు తల గోక్కుని, "మెత్తటియి పెట్టమన్నడమ్మా" అని ఊరుకున్నాడు.

వెన్నుపోటు! నా నిరసన దూదిలోంచి "ఊఁ ఊఁ" అని మాత్రమే బయటికొచ్చింది. "నొప్పి లేస్తున్నట్టుంది పోరనికి" అని నాయనమ్మ పొగలు కక్కే జొన్న జావ తెచ్చింది.

దూది తీశాక, నాలుక కాస్త తిరిగాక, నేనే చెప్పాను. "డాక్టర్ ఐస్ దినమన్నడు."

"పన్ను పోయినా వీని అబద్ధాలు పోలే!" అంది నాయనమ్మ. అక్క పడీపడీ నవ్వింది.

ఇక మౌనపోరాటమే. జావ వద్దు, మజ్జిగన్నం వద్దు. ఉన్న ఒక్క సాక్షినీ రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాను. నాన్న పేపర్ అడ్డం పెట్టుకున్నాడు. నేను వంగి పేపర్ కింద నుంచి చూశాను...

దూరంగా ఐస్ బండి హారన్. దగ్గరైంది. మా వాకిలి ముందు ఎప్పటిలాగే మూగబోయింది. మూల తిరిగాక మళ్లీ మోగింది. నా కంట్లోంచి ఒక చుక్క రాలింది. నటన కాదు, ఒట్టు.

నాన్న పేపర్ దించాడు. "అమ్మా... వాడు జెప్పేది నిజమే. డాక్టర్ ఐస్ పెట్టమన్నడు."

"గా మాట అప్పుడే జెప్తే ఏమైతుండె?"

"నువ్వు తిడ్తవని..."

"డాక్టర్ జెప్పినంక అది మందేనాయె! మందుతోటి నాకేం పగరా?"

అంటూనే చీర కుచ్చిళ్లు దోపుకుని, చేతిలో కోళ్ల కట్టెతో సహా, వీధిలోకి పరుగు! "ఓ ఐస్ బండీ... ఆగు!"

బండాయన వెనక్కి తిరిగి చూశాడు. నాయనమ్మ. కట్టె. పరుగు. అంతే, సీటు మీంచి లేచి మరీ తొక్కాడు.

"అమ్మా, నేను మీ ఇంటికాడ హారన్ కొట్టలే!"

"ఎందుకు కొట్టలే? ఆగు నాయనా, మాకు ఐస్ గావాలె!"

నమ్మితేనా! చేతిపంపు దగ్గర ఆడవాళ్లు బిందెలతో అడ్డం నిలబడితే గానీ ఆగలేదు.

సేమియా ఐస్ స్టీలు గ్లాసులో ఊరేగింపుగా ఇంటికొచ్చింది. అయితే మందు కదా... పథ్యం నియమాలన్నీ వర్తించాయి. కాళ్లు కడుక్కోవాలి, పీట మీద కూర్చోవాలి, మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎవ్వరికీ పెట్టకూడదు. అక్క చెయ్యి చాపగానే నాయనమ్మ కట్టె అడ్డం పెట్టింది. "ఒగల మందు ఇంకొగలు దింటరా ఏంది?"

అక్క ఎదురుగానే, చెంచాతో, రాజుగారిలా, చివరి సేమియా దాకా తిన్నాను. తెల్లారేసరికి అక్కకీ పంటినొప్పి వచ్చేసింది. నాయనమ్మ దాని నోరు వెలుతురుకు తిప్పి చూసి, "అన్నీ రాళ్ల లెక్క ఉన్నయ్. పోయి జావ తాగు" అంది.

మీ ఇంట్లో జబ్బు పుణ్యమా అని మీకు దక్కిన రాజభోగమేంటో కింద రాయండి... పళ్లున్నవాళ్లూ, లేనివాళ్లూ అందరూ అర్హులే.

నా సంగతంటారా... ఇప్పుడు ఫ్రిజ్‌లో ఐస్‌క్రీం డబ్బా ఎప్పుడూ ఉంటుంది. వద్దనడానికి నాయనమ్మ లేదు. తీస్తాను, తింటాను, మూత పెడతాను. తినడమే గానీ... గెలవడం లేదు.