మా గల్లీలో విలన్ కుర్చీ

మా చిన్నప్పుడు మేడ్చల్‌లో శనివారం సాయంత్రం టీవీలో ఏ సినిమా వస్తే, ఆదివారం పొద్దున మా గల్లీలో అదే సినిమా... ఆడేదీ మేమే, చూసేదీ మేమే!

హీరో వేషానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. హీరోకేముంది పాపం... అమ్మకు దండం పెట్టాలి, తన్నులు తినాలి, పాట పాడాలి. అదే విలన్‌కైతే కుర్చీ, నల్లకళ్లద్దాలు, చేతులు కట్టుకుని నిలబడే మనుషులు. జొన్నదంటు ముక్కను చుట్టలా నోట్లో పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని పగలబడి నవ్వొచ్చు. కొట్లాటంతా ఆ నవ్వు కోసమే...

నా ప్రాణమంతా ఆ కుర్చీ మీదే. కానీ గల్లీలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ప్రతిసారీ నన్ను హీరోయిన్‌ను చేసి చున్నీతో కరెంటు స్తంభానికి కట్టేసేవారు, 'కాపాడండి' అని అరవడమే నా పని. ఒకరోజు తెగించి అడిగేశాను. మా చిన్నాయన కొడుకు శీనుగాడు కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పేశాడు.

"ఆడపోరి విలనైతదా? స్తంభం కాడ నిలవడి ఒర్రు, సాలు!"

ఏడుస్తూ అవ్వ దగ్గరికి పోయాను. టీవీలో విలన్ కనబడితే చాలు, "నీ నోట్ల మన్నువడ" అని శాపనార్థాలు పెట్టే మనిషి. నన్నూ తిడుతుందనుకున్నా... అవ్వ మొహం వెలిగిపోయింది! ఆమె పుట్టిల్లు శామీర్‌పేట దగ్గర. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో చిందు భాగోతమని వీధినాటకం ఆడేవాళ్లట.

"రాక్షస ఏషమోడు జల్దీ రాడు బిడ్డా. తెర ఎన్కనే ఉంటడు. గజ్జెల సప్పుడు జేస్తడు, నవ్వుతడు... మొకం సూపియ్యడు. తెర దీసేసరికే జనానికి సగం పానం వోవాలె!"

మరుసటి ఆదివారం అవ్వ తన పాత చీర తెచ్చింది. ఒక కొస తను పట్టుకుని, ఇంకో కొస అమ్మ చేతికిచ్చింది. కాళ్లకు అమ్మ పట్టీలు, మొహం నిండా కాటుక... వెనక నిలబడి నవ్వాను. పిల్లికూతలా వచ్చింది. పోరగాళ్లంతా గొల్లున నవ్వారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"పొట్టలకెళ్లి నవ్వు," అంది అవ్వ మెల్లగా.

కాళ్లు దబదబా నేలకేసి కొట్టాను. శీనుగాడి మీద ఉన్న కోపమంతా కూడగట్టి నవ్వాను. అవ్వ చీర దించేసరికి శీనుగాడు లేచి నిలబడి ఉన్నాడు.

"కూసో," అన్నాడు, కుర్చీ నా వైపు జరుపుతూ.

ఆ ఆనందం ఏమని చెప్పను! చివర్లో హీరో కర్ర పట్టుకుని నా మీదికొచ్చాడు. రూల్ ప్రకారం నేను చావాలి కదా... అరుగు మీద నుంచి అవ్వ ఒక్క కేక వేసింది. "ఏయ్, దాన్ని ముట్టినవంటే కాళ్లిరుగుతయ్!"

పాపం, ఆ రోజు మా సినిమాలో న్యాయం గెలవలేదు.

ఇప్పటి సినిమాల్లో విలన్లకు కూడా కన్నీళ్ల కథలున్నాయి. బాగానే ఉంటున్నాయి... కానీ పిల్లలు ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకుంటుంటే, ఆ వేషం కోసం కొట్లాడుకునేదెవరితో? అవ్వ కూడా లేదిప్పుడు. ఆఫీసులో నేను నవ్వితే పక్క సీట్లవాళ్లు ఇప్పటికీ ఉలిక్కిపడతారు... నాకు మాత్రం అవ్వ గుర్తొచ్చి కడుపు నిండిపోతుంది.

నిజం చెప్పండి... మీలో హీరో కావాలనుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?