సొంత వాడకం

టెలికాం కంపెనీ ఏరియా మేనేజరు ఐలేష్ ఇబ్రహీంపట్నం డిపో ముందు నిలబడితే ముందు కనిపించేది పొట్ట, తర్వాత మెడలో వేలాడే కంపెనీ కార్డు. ఎవరితో మాట్లాడుతున్నా ఆ కార్డు కొసతోనే పళ్లు గోకుకుంటాడు. కంపెనీ తన ఆఫీసుల మధ్య తన పనికే వాడుకునే లైన్లకు సర్కారుకు ఫీజు కట్టనక్కర్లేదు. ఆ ఒక్క ముక్క తెలిసినందుకే అతనికి అంత మిడిసిపాటు. కనపడిన తీగకల్లా ‘సొంత వాడకం’ అని పసుపు చీటీ కట్టేస్తాడు. అలాంటి తీగ ఒకటి చేపలమ్మే మైసమ్మ రేకుల కప్పు మీంచి పోతుంది. మనవరాలి చదువుకు నెట్టు ఇమ్మని ఆమె అడిగితే, “గది కంపెనీ సొంతానికే అవ్వా, బయటోళ్లకు ఇయ్యరాదు” అన్నాడు. ఆ తీగ పోయి కలిసేది మాత్రం అతని మామగారి ఫంక్షన్ హాలులో.

మొన్న ఫీజు కట్టని లైన్ల తనిఖీకి సర్కారు అధికారి వస్తున్నాడని తెలియగానే ఐలేష్ హాలుకు పరుగెత్తాడు. గేటుకున్న పెళ్లి బ్యానరు విప్పించి కంపెనీ బోర్డు కట్టించాడు. అధికారి వచ్చేసరికి లోపల బాజాలు మోగుతున్నాయి.

“గిది మా ఆఫీసే సార్. స్టాఫ్ మీటింగ్ నడుస్తున్నది,” అన్నాడు పళ్లు గోకుకుంటూ.

దావత్‌కు చేపలు తెచ్చిన మైసమ్మ గంప దించి అతన్ని ఎగాదిగా చూసింది.

“అట్లనా బిడ్డా? గా తలంబ్రాలు పోసుకునేటోళ్లు గూడ మీ కంపెనీ సొంత వాడకానికేనా?”

అధికారి పకపకా నవ్వాడు. ఐలేష్ కూడా నవ్వబోయాడు గాని, కార్డు కొస విరిగి పళ్ల సందులో ఇరుక్కుంది.