సూదమ్మ చేతులు కట్టుకున్న పది రోజులు

ఓనరు గారు గదిలోకి పిలిచి, "మూడు నెలలు చైనాకి వెళ్తావా?" అని అడిగితే, సూదమ్మ నోట్లోంచి ముందు ఊడిపడ్డ మాట, "మరి ఏడో నంబరుని ఎవరు చూసుకుంటారు సార్?"

వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు. ఆ మాట మధ్యాహ్నానికల్లా షెడ్డంతా పాకింది. ప్యాకింగ్ బల్ల దగ్గర ఆడవాళ్ళు ఆమె కనబడినప్పుడల్లా, "ఏడో నంబరుకి పాలు పట్టావా? జోకొట్టావా?" అని పలకరించడం మొదలుపెట్టారు.

ఏడో నంబరంటే సాక్సులు అల్లే యంత్రం. షెడ్డులో అలాంటివి ఇరవైనాలుగు, రెండు వరసల్లో. ఒక్కోదాని కడుపులో గుండ్రంగా నూట అరవై ఎనిమిది సూదులు. ఒక్కో సూది అగ్గిపుల్లకన్నా సన్నం, కొసన చిన్న కొక్కెం. వాటిలో ఒక్కటి వంగినా సాక్సు మీద పైనుంచి కిందిదాకా నిచ్చెనలా గీత పడుతుంది. ఆ ఒక్కదాన్నీ కనిపెట్టి మార్చేది ఆవిడే కాబట్టి ఆవిడ సూదమ్మ. పుట్టినప్పుడు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. పదహారేళ్ళప్పుడు దారపు కొసలు కత్తిరించే పనికి వచ్చింది. అప్పటి మెకానిక్ మూత ఎత్తినప్పుడల్లా చేతిలో కత్తెరతో వెనకాల నిలబడి చూసేది. రెండేళ్ళు అలా చూసింది. ఒక రోజు మెకానిక్ రాలేదు, రెండు యంత్రాలు ఆగిపోయాయి, ఆమె వెళ్ళి మూత ఎత్తింది. ఎవరు ఎత్తమన్నారని ఎవరూ అడగలేదు, సాక్సులు బాగానే వస్తున్నాయి కాబట్టి. అది జరిగి పదహారేళ్ళు.

ఆమె పద్ధతి ఆమెది. మూత మీద అరచెయ్యి ఆనిస్తుంది, పిల్లకి జ్వరం చూసినట్టు. లోపల ఏమవుతోందో చెయ్యికి తెలుస్తుంది. మూడో నంబరు మొండిది. పన్నెండోది పెద్దమనిషి, నెలకోసారి నూనె పోస్తే నోరెత్తదు. ఏడోది ఏడుపుగొట్టు. దారం కొంచెం బిగిసినా కీచుమని రాగం తీస్తుంది. ఇవేవీ ఎక్కడా రాసి లేవు.

ఇప్పుడు చైనా నుంచి పన్నెండు కొత్త యంత్రాలు కొంటున్నారు. అమ్మే కంపెనీవాళ్ళు ఒక మనిషిని పంపండి, మూడు నెలలు మా ఫ్యాక్టరీలోనే ఉంచుకుని విప్పడం, బిగించడం, బాగుచేయడం అన్నీ నేర్పి పంపుతాం అన్నారు. ఓనరు గారు సూదమ్మ పేరు చెప్పారు. సూపర్‌వైజరుకి మాత్రం మనసొప్పలేదు. సూదమ్మ చెయ్యి మంచిదని ఆయనకి తెలుసు. ఆ చెయ్యి మూడు నెలలు లేకపోతే తన గతేంటన్నదే ఆయన బెంగ.

"ఇలా చేద్దాం," అన్నాడు. "నీ బదులు ఒక మనిషిని తయారుచెయ్యి. ఇరవై రోజులు నేర్పు. తర్వాత పది రోజులు నువ్వు యంత్రాల మీద చెయ్యి వెయ్యకూడదు. పాడైన సాక్సులు వేసే డ్యామేజి బుట్ట అక్కడ పెడతా. పదో రోజు సాయంత్రానికి అది పొంగకూడదు, మీద చెక్క పలక పెడితే బల్లపరుపుగా కూర్చోవాలి. కూర్చుంటే నిన్ను పంపుతున్నట్టు ఉత్తరం మీద సంతకం పెడతాను, పదకొండో రోజు పొద్దున్న వీసా ఆఫీసుకి వెళ్ళు. కూర్చోలేదా, రెండో షెడ్డు మెకానిక్ వెళ్తాడు."

సూదమ్మ తలూపింది. చైనాకి వెళ్ళాలని తనకి ఇంత కోరిక ఉందని ఆ క్షణందాకా ఆమెకే తెలియదు. రెండో షెడ్డు మెకానిక్ ఆ కొత్త యంత్రాల మూత ఎత్తుతున్నట్టు ఊహించుకోగానే తెలిసింది.

బదులు మనిషిగా ఆమె అడిగింది సొంత ఆడపడుచుని. భర్తకి అక్క, ఇంటికి పెద్ద, అదే షెడ్డులో సాక్సు ముందు కొస కుట్టి మూసే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉంది. కంటికి కుట్టు తప్పడం ఆమె ఎరగదు. నోటికి మాట తప్పడమూ ఎరగదు.

"బాగుందే అమ్మాయ్," అంది ఆడపడుచు. "నా తమ్ముణ్ణి కొంగున ముడేసుకున్నావు. ఇప్పుడు నువ్వు విమానమెక్కి, తమ్ముణ్ణీ, మేనకోడల్నీ, ఇరవైనాలుగు యంత్రాలనీ కలిపి నా నెత్తిన పెడతావా?"

"నీకన్నా ఎవరున్నారు వదినా?"

"ఆ మాట ముందు అనాలి. అడిగాక అంటే కాకా పట్టినట్టుంటుంది." అని గొణుక్కుంటూనే మర్నాటి నుంచి తువ్వాలు నడుముకి చుట్టుకుని వచ్చేసింది.

ఇంట్లో ఏర్పాట్లు ఇంకో వైపు నడిచాయి. భర్త పాల వ్యాను డ్రైవరు. తెల్లారుజామున వెళ్ళి ఎనిమిదింటికి వస్తాడు. పదేళ్ళ కూతురికి జడ వెయ్యడం ఆయనకి రాదు. సూదమ్మ ఫ్యాక్టరీ నుంచి పనికిరాని దారం తెచ్చి, మూడు పాయలు చేసి తలుపు గొళ్ళానికి కట్టింది. ఆయన రోజూ సాయంత్రం దాని ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"నాన్నా, అది జడ కాదు, తాడు," అనేది కూతురు.

"వ్యానుకి కట్టుకోడానికి పనికొస్తుంది లేవే," అనేవాడాయన.

కూతురు ఫోనులో చైనా మాటలు పెట్టి వాళ్ళమ్మకి నేర్పేది. ఆపు, నూనె, సూది, నెమ్మదిగా, అన్నం. ఫోను చెప్పినట్టు ఈమె చెప్పేది, ఈమె చెప్పింది ఫోను వినేది. నూనె అని ఈమె అంటే ఫోను ఓసారి మామయ్య అని తెర మీద చూపించింది. "అక్కడ ఎవరి మామయ్యని పోస్తావమ్మా యంత్రంలో?" అని పిల్ల పడీపడీ నవ్వింది.

పది రోజుల పరీక్ష మొదలైంది. సూదమ్మని షెడ్డు చివర ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు, తెల్ల సాక్సులు జతలు చేసే పని. మొదటి రోజు డ్యామేజి బుట్టలో నాలుగు పడ్డాయి. రెండో రోజు మూడు. ఆరో రోజుకి బుట్ట అడుగు కూడా సరిగ్గా కప్పలేదు. సూపర్‌వైజరు బుట్టలోకి తొంగిచూసి మీసం సవరించుకున్నాడు. ఆడపడుచు నడకే మారిపోయింది.

"ఇందులో ఏముందే? ఇన్నాళ్ళూ ఏదో బ్రహ్మవిద్యలా ఫోజు కొట్టావు!" అంది అందరూ వినేలా. సూదమ్మ సంతోషంగా నవ్వింది.

ఆ సాయంత్రమే ప్యాకింగ్ పెద్దావిడ ఒక తెల్ల సాక్సు పైకెత్తి పట్టుకుంది. "ఈ నల్లటి వేలిముద్ర ఎవరిదర్రా? మూడు రోజుల్నుంచీ చూస్తున్నాను. ఇదిగో, మళ్ళీ ఇంకోటి."

అందరూ చేతులు చూపించారు. సూదమ్మ కూడా చూపించింది. బొటనవేలు, చూపుడువేలు, అరచెయ్యి కింది భాగమూ నల్లగా ఉన్నాయి. యంత్రం నూనె. పొద్దుట్నుంచీ తెల్ల సాక్సులు తప్ప ఏమీ ముట్టుకోని చెయ్యి అది.

"ఉతికేస్తే పోతుందిలే," అంది ఎవరో. సూదమ్మ ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు తనని తాను కాపలా కాసింది. బల్ల దగ్గర్నుంచి మంచినీళ్ళ కుళాయికి దారి యంత్రాల రెండు వరసల మధ్యనుంచే. దాహం వేసి లేచింది. నీళ్ళు తాగి తిరిగొచ్చి కూర్చున్నాక లెక్క చూసుకుంది. ఎడమవైపు పన్నెండు మూతల్లో తొమ్మిదింటి మీద చెయ్యి పడింది. మూడోదాని దారం బిగించే మర అర చుట్టు వదులయింది. ఏడోదాని దగ్గర వంగిన సూది తీసేసి, జాకెట్టుకి గుచ్చుకున్న కొత్త సూది పెట్టేసింది. పిల్ల భుజం మీద పోగు ఏరేసినట్టు, నడుస్తూ నడుస్తూ. ఆడపడుచు అప్పుడు అవతలి వరసలో ఉంది. రోజుకి ఆరుసార్లు దాహం వేసేది సూదమ్మకి. ఇదివరకెప్పుడూ ఆమెకి అంత దాహం లేదు.

ఇంక మూడు రోజులు. నోరు మూసుకుంటే సంతకం అవుతుంది, విమానం ఎక్కుతుంది. ఆ తర్వాత బుట్ట నిండుతుంది, నిండిన బుట్ట ముందు ఆడపడుచు నిలబడుతుంది, మూడు నెలలూ. బ్రహ్మవిద్య అన్న మాట అందరూ విన్నారు కూడా.

ఆ సాయంత్రం వంటింట్లో జరిగింది చెప్పేసింది. ఆడపడుచు కూరగాయలు తరుగుతోంది. విన్నాక కత్తి పక్కన పెట్టింది.

"అంటే ఈ ఏడు రోజులూ నేను బొమ్మనా?"

"కావాలని చెయ్యలేదు వదినా. ఒట్టు."

"కావాలని చేస్తే బాగుండేది. నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నీ చెయ్యికే నా మీద నమ్మకం లేదు, దాన్నేం తిట్టను?"

బయటి గదిలో భర్త దారాన్ని మూడు పాయలు చేస్తూ, చెవులు ఇటే పెట్టి, తల మాత్రం ఎత్తలేదు.

"రేపు సూపర్‌వైజరుతో నేనే చెప్తా," అంది ఆడపడుచు చివరికి. "నువ్వు చెప్తే నీ తప్పవుతుంది. నేను చెప్తే ఇద్దరి తప్పూ అవుతుంది. నువ్వు మాత్రం నా కంటికి కనబడకూడదు."

సూపర్‌వైజరు విని తల పట్టుకున్నాడు. మళ్ళీ పది రోజులు పెట్టడానికి వీసా తేదీ ఆగదు. "ఆ బుట్టే, ఆ పలకే. ఉన్న మూడు రోజులూ నిజంగా జరగాలి," అన్నాడు. సూదమ్మని దారం గోదాములో కూర్చోబెట్టి తలుపు వేయించాడు. గొళ్ళెం లోపలివైపే ఉంది, ఎవరూ బంధించలేదు. రేకు గోడకి అవతల షెడ్డు. కనబడదు, వినబడుతుంది.

మొదటి రోజే బుట్ట సగానికి వచ్చింది. మధ్యాహ్నం అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చిన ఆడపడుచు గుమ్మం దగ్గర పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయింది. రెండో రోజు ముప్పాతిక. సూదమ్మ దారపు ఉండల మధ్య కూర్చుని ఫోనులో చైనా మాటలు వల్లె వేసింది. ఆపు, నెమ్మదిగా, సూది. గోడ అవతల మూడో నంబరు అడుగు తడబడుతోంది. ఆమె వేళ్ళు ఒళ్ళో అర చుట్టు తిరిగాయి.

మూడో రోజు నాలుగింటికి ఏడో నంబరు రాగం తీసింది.

ముందు సన్నగా, తర్వాత షెడ్డంతా వినబడేలా. సూదమ్మ లేచింది. తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి పడింది. ఒక్క అర చుట్టు చాలు, మూడు క్షణాల పని. అలా ఏడిస్తే నిమిషానికో సూది పోతుంది, గంటలో బుట్ట పొంగిపోతుంది. ఆ బుట్టతోపాటు చైనా కూడా పోతుంది. ఆమె వెనక్కి వచ్చింది. రెండు అరచేతులూ నేలమీద పెట్టి వాటి మీద కూర్చుంది.

కీచు ఆగిపోయింది. యంత్రాన్ని ఎవరో ఆపారు. చాలాసేపు ఏమీ లేదు. మూత తీసిన చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు. ఆమె చేతులు తిమ్మిరెక్కాయి. తర్వాత యంత్రం మొదలైంది. అయితే ఇది ఆమె ఎరిగిన ఏడో నంబరు కాదు. అడుగులు దూరం దూరంగా పడుతున్నాయి. ఆడపడుచు దాని వేగం తగ్గించింది. దారం ముట్టుకోలేదు, మర తిప్పలేదు, ఊరికే నెమ్మదిగా నడవనిచ్చింది. సాక్సులు కొన్ని తక్కువ వస్తాయి, కానీ వచ్చినవి బాగుంటాయి. పదహారేళ్ళలో ఆ ఆలోచన సూదమ్మకి ఒక్కసారి కూడా రాలేదు.

సాయంత్రం అందరూ బుట్ట చుట్టూ మూగారు. సూపర్‌వైజరు పలక పెట్టాడు. కూర్చుంది, కానీ ఒక మూల కొంచెం లేచి ఉంది. వంగి చూశాడు. పలక కింద నుంచి ఒక సాక్సు కొస బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆయన ఆడపడుచు వైపు చూశాడు. ఆమె అరచేతులు రెండూ నల్లగా ఉన్నాయి, ఒక వేలికి గుడ్డ చుట్టి ఉంది. ఆయన చూపుడువేలితో ఆ కొసని లోపలికి నొక్కాడు. పలక బల్లపరుపుగా కూర్చుంది. పెన్ను ఎవరి దగ్గరుందని అడిగాడు.

వీసా ఆఫీసులో గాజు పలక మీద వేళ్ళు పెట్టమన్నారు. మూడుసార్లు పెట్టినా ముద్ర పడలేదు. సూదులు పట్టుకుని పట్టుకుని వేళ్ళ గీతలు అరిగిపోయాయి. నాలుగోసారి తడిగుడ్డతో తుడిచి, గుమాస్తా పైనుంచి నొక్కితే పడింది. ఇంటికొచ్చి చెబితే ఆడపడుచు నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

"తెల్ల సాక్సు మీద మాత్రం ముచ్చటగా పడిందిగా!"

బయల్దేరే రోజు కూతురు రెండు జడలతో వచ్చింది. ఒకటి బిగువు, ఒకటి వదులు. పెట్టెలో అరువు తెచ్చిన చలికోటు పెడితే ఇంక దేనికీ చోటు లేదు. ఆడపడుచు రాలేదు, షెడ్డులో పని ఉంది. విమానాశ్రయంలో వరసలో నిలబడి ఉండగా ఫోను చేసింది. పలకరింపు లేదు. ఫోను యంత్రం దగ్గర పెట్టినట్టుంది, అడుగుల చప్పుడు. ఏడోది. సూదమ్మ కళ్ళు మూసుకుని వింది. వేగం ఇంకొంచెం పెంచొచ్చు అనిపించింది.

"నేనేం చెప్పను వదినా," అంది.

"చెప్పమని ఎవరడిగారే? వినమని చేశాను," అంది ఆడపడుచు.

వరస కదిలింది. సూదమ్మ పెట్టెని కాలితో ముందుకు నెట్టి, ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది.